వంకరకాళ్ల కారు

చెప్పు అడుగుభాగం చూపిస్తే చాలు, ఆ మనిషి ఎలా నడుస్తాడో నేను చెప్పేస్తాను. బయటి అంచు అరిగితే దొడ్డికాళ్లవాడు. లోపలి అంచు అరిగితే మోకాళ్లు రాసుకుంటూ నడిచేవాడు. మడమ ఒక్కటే అరిగితే వాడికి తొందర ఎక్కువ, బుద్ధి తక్కువ. ఇందులో గొప్పేమీ లేదు. మా నాన్నకు మగపిల్లలు లేరు గనుక తోలు కోసే రంపె నా చేతికొచ్చింది. పాత టైర్లు కోసి చెప్పులు చేయడం పదేళ్ల వయసులో మొదలుపెట్టాను. బేతంచెర్ల చుట్టుపక్కల సేద్యగాళ్లలో సగంమంది ఈ కృపమణి చేసిన చెప్పులతోనే ముళ్లు తొక్కుతారు.

నా మొగుడు ఏసేపుది వేరే తంతు. యుద్ధంలో బర్మా దాకా పోయి మిలిటరీ లారీ తోలి వచ్చాడు. బాంబులకు బెదరని మనిషి ఊళ్లో రెడ్డి దగ్గితే బెదిరేవాడు. ఆ రెడ్డి పేరు తిమ్మారెడ్డి. కర్నూలు రాజధాని అయినప్పటి నుంచి ఆయనకు వారానికి రెండుసార్లు మంత్రుల గడప తొక్కే పని పడింది. అందుకని కారు కొన్నాడు. ఊరు మొత్తానికి కారు తోలడం వచ్చినవాడు ఏసేపు ఒక్కడే కాబట్టి ఆయన్నే డ్రైవరుగా పెట్టుకున్నాడు.

కారు వచ్చిన రోజే పేచీ మొదలైంది. దాన్ని తన తాత కట్టించిన ఎద్దుల కొట్టంలోనే పెట్టాలని రెడ్డి పట్టుబట్టాడు. కొట్టం వాకిలి మీద అడ్డంగా పెద్ద నాపరాయి దూలం ఉంది. కారు నెత్తి ఆ రాయికి నాలుగు వేళ్ల మేర తగులుతోంది. రాయి కొంచెం ఎత్తి పెడతానని రంగన్న మేస్త్రి అన్నాడు.

"మా తాత పెట్టిన రాయిని ఒక కారు కోసం లేపల్లనా? కారే తగ్గల్ల!" అన్నాడు రెడ్డి.

కమ్మరిని పిలిపించి ముందు స్ప్రింగులు ఒక్కో చుట్టు కోయించాడు. వెనక కమాను కట్టల్లోంచి రెండేసి పట్టీలు లాగించాడు. "వద్దు సామీ, బండికి మంచిది గాదు" అని ఏసేపు ఒకసారి అన్నాడట. రెడ్డి కళ్లెర్రజేస్తే నోరు మూసుకున్నాడట. ఒక్కసారి చెప్పి ఊరుకోవడం మా ఆయనకు పుట్టుకతో వచ్చిన జబ్బు.

కారు కొట్టంలోకి దూరింది. పొట్ట నేలకు ఆనించి పాకే కుక్కలా ఉండేది చూడ్డానికి. రెడ్డి మాత్రం సోకుగా ఉందని మురిసిపోయాడు. ఆ మురిపెం నాలుగు నెలలు నడిచింది.

ఐదో నెలలో కర్నూలు దారిలో ముందు టైరు ఢామ్మని పగిలింది. దిగి చూస్తే టైరు లోపలి అంచున రబ్బరు పోయి గుడ్డ తేలింది. రెండో ముందు టైరూ అంతే. నాలుగు టైర్లూ కొత్తవే, కారు కిందికి దించిన వారంలోనే ఏసేపు బిగించినవి. కొత్త టైరు నాలుగు నెలల్లో గుడ్డ తేలడం ఏమిటని రెడ్డి కర్నూలులో నలుగురిని అడిగాడట. అడగనే కూడదు. పాత టైర్ల మీద కొత్త రబ్బరు అతికించి తగిలిస్తారు, అసలువి అమ్ముకుంటారు, ఈ డ్రైవర్లను నమ్మకూడదు అని ఎవరో పుణ్యాత్ముడు ఆయన చెవిలో వేశాడు.

కర్నూలులోనే ముందు చక్రాలకు వేరే టైర్లు వేయించుకుని ఊరికి తిరిగి రాగానే రెడ్డి ఏసేపు జేబులోంచి లైసెన్సు పుస్తకం లాక్కున్నాడు. "ఆదివారం పొద్దున నా వాకిట్లో, అందరి ముందర, తప్పొప్పుకుని కాళ్లు పట్టుకో. లేకుంటే పోలీసులకు అప్పగిస్తా" అన్నాడు.

ఆ పుస్తకం అంటే మా ఇంట్లో బైబిలు తర్వాత బైబిలు. దాని వల్లే మా ఆయన ఒకరి ఎద్దుల వెనక నడవకుండా చక్రం ముందు కూర్చుంటున్నాడు. అది పోతే కూడు ఒక్కటే పోదు. టైరుదొంగ అన్న పేరు ఊళ్లో మిగిలిపోతుంది, ఆ పేరు చిరిగేది కాదు, ఉతికితే పోయేది కాదు.

ఇంటికొచ్చి ఏసేపు గోడకు ఆనుకుని కూర్చున్నాడు.

"కాళ్లు పట్టుకుంటే పాయలే మణీ. కాళ్లే గదా."

"నువ్వు అమ్ముకున్యావా?" అని అడిగాను.

"లేదు."

"మరి చెయ్యని తప్పుకు కాళ్లెందుకు పట్టుకుంటావు? రేపట్నుంచి మన బిడ్లను టైరుదొంగ బిడ్లంటారు. దానికేం జెప్తావు?"

"పెద్దోళ్లతో యాడ పెట్టుకుంటాం మే? ఊళ్లో బతకల్ల గదా."

ఆయన మీద కోపం టైరు మీద చూపించాను. రెడ్డి ఇంట్లో చచ్చిన ఎద్దు తోలైనా, అరిగిన టైరైనా మా ఇంటికి రావడం ఆనవాయితీ. వాటితో సేద్యగాళ్లకు చెప్పులు చేసివ్వాలి. దొంగతనం అంటగట్టినా ఆనవాయితీ తప్పలేదు, ఆ రెండు టైర్లూ మా వాకిట్లోకి దొర్లించి పోయారు. ఒకదాన్ని కాళ్ల మధ్య ఇరికించుకుని, రంపెను నీళ్లతో తడిపి, అడ్డంగా కోశాను.

కోసిన ముక్కను వెలుతురుకు తిప్పి చూశాను. బయటి అంచున రబ్బరు బొటనవేలంత మందం ఉంది. మీద గళ్లు కొట్టులోంచి ఇప్పుడే తెచ్చినట్టు నిగనిగలాడుతున్నాయి. అక్కడి నుంచి లోపలికి వచ్చేకొద్దీ పల్చబడి పల్చబడి, చివరి అంచుకు వచ్చేసరికి ఉత్త గుడ్డ. అతుకు కోసం వెతికాను. రంపె మొనతో పొడిచి చూశాను, పళ్లతో పీకి చూశాను. అతికించిన రబ్బరైతే పొర వేరుగా లేస్తుంది, ఎన్ని కోయలేదు నేను! ఇది ఒకే పోతలో పోసిన కొత్త టైరు. రెండోదీ కోశాను, అదీ అంతే.

"ఏమయ్యా, ఇది మోకాళ్లు రాసుకునేవాని చెప్పు" అన్నాను. "తప్పు టైరుది గాదు, నీది గాదు. ఆ కారు కాళ్లు వంకర."

ఏసేపు ముక్కను తిప్పితిప్పి చూశాడు. ఆయనకు తెలియదని కాదు. స్ప్రింగులు కోసిన రోజే తెలుసు. "నేను చెప్తే ఇంటాడా?" అన్నాడు.

"నువ్వు చెప్పొద్దులే. నేను చెప్తా."

శనివారం సాయంత్రం రంగన్న మేస్త్రి దగ్గరకు పోయి, గోడ నిటారుగా ఉందో లేదో చూసే గుండుదారం తీసుకుని మరునాడు రెడ్డి వాకిటికి మాతో రమ్మన్నాను. ఆయన చుట్టూ చూసి గొంతు తగ్గించాడు.

"నన్నెందుకు లాగుతావు మే? ఆ ఇంటి కూలితో బతికేటోన్ని."

"మనిషి రాకుంటే పాయ, గుండన్నా ఇయ్యప్పా."

ఇచ్చాడు పాపం. గుండుకు పిరికితనం ఉండదు గదా.

ఆదివారం పొద్దున రెడ్డి వాకిట్లో సేద్యగాళ్లు, కూలోళ్లు నలభైమంది దాకా చేరారు. అరుగు మీద రెడ్డి తల్లి లక్ష్మీదేవమ్మ కూర్చుని ఉంది. రెడ్డి తెల్లగా చలువ చేసిన బట్టలేసుకుని నిలబడ్డాడు, మధ్యాహ్నానికి కర్నూలులో మంత్రిని కలవాలట. క్షమాపణ చెప్పించుకుని, అదే డ్రైవరుతో అదే కారులో పోదామని ఆయన లెక్క. కారు కొట్టం ముందర సిద్ధంగా ఉంది.

"ఊ, రా" అన్నాడు రెడ్డి.

ఏసేపు ఒక అడుగు వేశాడు. నేను ఆయనకు అడ్డం పోయి నిలబడి, కోసిన టైరు ముక్క రెడ్డి ముందు నేల మీద పెట్టాను.

"అతికిచ్చిన టైరన్నావు గదా సామీ. అతుకు యాడుందో చూపీ. నా మొగునికంటే ముందు నేను నీ కాళ్లు పట్టుకుంటా."

"చెప్పులు కుట్టేదానివి, కారు సంగతి నీకేం దెల్సు?"

"కారు సంగతి నాకు దెల్దు. అరుగుడు సంగతి దెల్సు. ఇది సగం కొత్తది, సగం గుడ్డ. పాత టైరైతే రెండు పక్కలా అరిగుంటాది. ఎవరన్నా చూడండప్పా!"

ఎవరూ ముందుకు రాలేదు. నేనూ ఎవరి కోసం ఆగలేదు. కారు దగ్గరకు పోయి, ముందు చక్రం మీది మడ్గార్డు అంచున దారాన్ని వేలితో అదిమి గుండు వదిలాను. గుండు ఊగిఊగి నిలిచింది. కింద దారం టైరును తాకుతోంది. పైన దారానికీ టైరుకూ నడుమ సందు ఉంది. ఆ సందులో రెండు వేళ్లు దూర్చి అందరికీ కనబడేలా పట్టాను. రెండో ముందు చక్రానికీ పట్టాను, అక్కడా రెండు వేళ్లే. అప్పుడే పుట్టిన దూడ కాళ్లు ఎడంగా చాపి నిలబడుతుంది చూడండి, ఆ కారు అలా నిలబడి ఉంది. బరువంతా లోపలి అంచుల మీదే.

తర్వాత వెనక చక్రానికి పట్టాను. దారం పైనా కిందా ఒకేలా తాకింది.

"ఎనకటివి నిటారుగా ఉండాయి, సమంగా అరిగినాయి. ముందరివి వాలినాయి, లోపలికే అరిగినాయి. నాలుగూ బిగిచ్చింది నా మొగుడే. దొంగైతే ముందరివే ఎందుకు దొంగిలిస్తాడు సామీ, ఎనకటివి చేదా?"

వెనక ఎవరో కిసుక్కుమన్నారు. రంగన్న మేస్త్రి గుంపులోంచి మెల్లగా బయటకు వచ్చాడు. "దారం అబద్ధం చెప్పదు రెడ్డీ. స్ప్రింగులు కోసినప్పుడు చక్రాలు పైన లోపలికి వాలినట్టుండాయి" అని, అంత మాట అన్నందుకు తనే భయపడి మళ్లీ గుంపులోకి పోయాడు.

రెడ్డి ముఖం కందగడ్డ అయింది. ముక్క చూశాడు, చక్రం చూశాడు, పొద్దు వైపు చూశాడు. కర్నూలుకు ఆలస్యమవుతోంది. జేబులోంచి లైసెన్సు పుస్తకం తీసి, ఏసేపు కాళ్ల ముందు దుమ్ములోకి విసిరాడు.

"సరేలే. తీసుకోని బండి తియ్యి."

మా పేటవాళ్లకు ఆ ఇంట్లో ఏదీ చేతికి అందివ్వరు. కూలి గింజలైనా, చుట్టైనా, నేల మీద వేస్తారు, మేము వంగి ఏరుకుంటాం. మా తాతలు వంగారు, మేమూ వంగుతున్నాం. ఏసేపు నడుము అప్పుడే వంగుతోంది.

"వంగొద్దు!" అన్నాను. నా గొంతు నాకే కొత్తగా వినబడింది. "నీ జేబులోంచి తీసుకున్యారు. నీ చేతికే ఇయ్యల్ల."

ఏసేపు నా ముఖం చూశాడు. తర్వాత నిటారుగా లేచి, చేతులు పక్కన పెట్టుకుని, మిలిటరీలో నిలబడినట్టు నిలబడ్డాడు. పుస్తకం దుమ్ములోనే ఉంది. రెడ్డి చెయ్యి పైకి లేచింది. కొడతాడనే అనుకున్నాను, కొడితే ఏం చేయాలో కూడా అనుకుని పెట్టుకున్నాను.

అరుగు మీంచి లక్ష్మీదేవమ్మ అంది, "లాక్కున్న చెయ్యి నీదే గదరా తిమ్మా."

రెడ్డి చెయ్యి దిగింది. తల్లి వైపు చూడలేదు, మా వైపూ చూడలేదు. వంగి పుస్తకం తీశాడు. దుమ్ము దులిపాడు. ఏసేపు అరచేతిలో పెట్టాడు. వేళ్లు వేళ్లకు తగిలాయి, నలభైమంది చూశారు. నాకు ఏడుపొచ్చింది, ఆపుకోలేదు.

"ఊ, బండి తియ్యి" అన్నాడు రెడ్డి, ఈసారి గొంతు తగ్గించి.

ఏసేపు పుస్తకాన్ని జేబులో పెట్టుకుని గుండీ వేసుకున్నాడు.

"ఈ పొద్దు తియ్యను సామీ" అన్నాడు.

"ఏం?"

"కాళ్లు వంకరుండాయి. నిండు స్ప్రింగులు తెప్పిచ్చి ఎయ్యల్ల, తీసిన పట్టీలు ఎనక మళ్లా బిగియ్యల్ల. కొట్టం రాయి లేపల్ల. ఇప్పుడు ముందరుండే టైర్లు గూడా లోపలికే అరుగుతాండాయి, వాట్ని తిరగేసి ఎయ్యల్ల. ఇవన్నీ అయినంక కబురు పెట్టండి." జేబు గుండీ తడుముకున్నాడు. "నాకు ఇష్టమైతే వస్తా."

పదమూడేళ్ల కాపురంలో ఆ మనిషి నోట ఇష్టం అన్న మాట వినడం అదే మొదటిసారి. రెడ్డి చలువ బట్టలతో బస్సు కోసం రోడ్డు మీదికి నడిచాడు. మేము అటునుంచి అటే మా ప్రార్థన గుడికి పోయాం. ఆ పూట ఏసేపు మగవాళ్లలో ముందు వరసలో కూర్చుని, పక్కవాళ్లు తిరిగి చూసేంత గట్టిగా పాడాడు.