ఎడమ కాలి మేజోడు

పాలు కాచి దించి, మనవరాలి సీసా వేడినీళ్ళలో కడిగిపెట్టి, ఆమె మళ్ళీ వెళ్ళి మంచం మీద పడుకుంది. కాళ్ళు రెండూ గోడకు ఎత్తిపెట్టింది. పాదం నేల మీద పెట్టకముందే మేజోళ్ళు వేసుకోవాలని డాక్టరమ్మ చెప్పింది గానీ, మూడు నెలల పసిగుడ్డు ఉన్న ఇంట్లో అది అయ్యే పనేనా! అందుకే ఆమె రోజును రెండుసార్లు మొదలుపెడుతుంది. పది నిమిషాలు కాళ్ళు గోడకు ఆనించి, అప్పుడే నిద్ర లేచినట్టు మేజోళ్ళు అందుకుంటుంది.

కుడికాలిది ఎక్కింది. ముడతలు లేకుండా అరచేత్తో నిమిరి మోకాలి కింది దాకా తెచ్చింది. ఎడమకాలిది పిక్క దగ్గర ఆగింది. పళ్ళు బిగించి లాగింది. కదల్లేదు.

"చూశావా, ముడుచుకుపోయింది. నిన్న వాన పడుతోందని పొయ్యి దగ్గర ఆరేశావు కదూ? వీటికి వేడి తగలకూడదే."

బిడ్డను భుజాన వేసుకుని తిరుగుతున్న కూతురి ముఖం చిన్నబోయింది. "రెండూ ఒకచోటే ఆరేశానమ్మా. ఒక్కటే ఎలా ముడుచుకుంటుంది? ఏదీ, కాలు చూపించు."

"నా కాలేం చూస్తావుగానీ దాని ముక్కు తుడువు. గుడ్డ సంగతి నాకే చెప్తావా?"

గుడ్డ సంగతి ఆమెకు చెప్పగలవాళ్ళు నిజంగానే లేరు. ఇరవై రెండేళ్ళుగా ఆస్పత్రి కింది గదిలో నిలబడి దుప్పట్లు ఇస్త్రీ చేస్తోంది. ఏ నూలు ఎంత వేడికి ముడుచుకుంటుందో వేలికొసతో తాకి చెప్పేస్తుంది. తోటివాళ్ళు అసలు పేరు ఎప్పుడో మరిచి "మడతక్కా" అని పిలుస్తారు.

అన్నేళ్ళ నిలుచుడూ కాళ్ళలోకి దిగింది. పిక్కల మీద నీలపు నరాలు వానపాముల్లా లేచాయి. సాయంత్రానికి చీలమండలు వాపులో మునిగిపోయేవి. పై మూడో అంతస్తులోని డాక్టరమ్మ కాళ్ళు కొలిచి మరీ ఈ బిగుతు మేజోళ్ళు రాసిచ్చింది. "కిందికి దిగిన రక్తం పైకెక్కాలి కదమ్మా, నీ నరాలకు ఓపిక అయిపోయింది. ఇవి చీలమండ దగ్గర గట్టిగా, పైకి పోయేకొద్దీ వదులుగా పట్టి రక్తాన్ని పైకి తోస్తాయి. పై అంచు మాత్రం మడవకు, అదే ఉరైపోతుంది" అంది. నెల తిరిగేసరికి చీలమండ ఎముకలు బయటపడ్డాయి. ఊరెళ్ళిన చుట్టాలు తిరిగొచ్చినట్టు వాటిని తడిమి చూసుకుంది. కాళ్ళు మళ్ళీ తనవయ్యాయి.

డాక్టరమ్మ ఇంకో మాట కూడా అంది. ఒక్క కాలే వాచి, వెచ్చబడి, పిక్క నొప్పెడితే మేజోడు జోలికి పోకుండా వెంటనే నా దగ్గరికి రా, నరంలో కట్టిన రక్తపు గడ్డ ఊపిరితిత్తికి ఎక్కితే ప్రాణానికే ముప్పు అని. ఆ మాట ఆమె పెద్దగా చెవిన పెట్టలేదు.

"ఏంటక్కా, ఒంటికాలి కొంగలా వచ్చావు?" అంది ఇస్త్రీ గదిలో పక్క బల్ల దగ్గరామె, ఒక కాలికే ఉన్న మేజోడు చూసి.

"రెండోది ముడుచుకుపోయింది. తడిపి సాగదీద్దామని తెచ్చాను."

కుడికాలిది కూడా విప్పి, కొలతకని రెండిటినీ బల్ల మీద పరిచింది. మడమకు మడమ, వేళ్ళకు వేళ్ళు. అరచేత్తో నిమిరింది. మళ్ళీ నిమిరింది. ఒక పోగు తేడా లేదు.

పక్కామె నవ్వు ఆగిపోయింది. వంగి ఎడమ పిక్క తాకింది. చర్మం నిగనిగలాడుతోంది, అప్పుడే ఆపిన ఇస్త్రీపెట్టెలా వెచ్చగా ఉంది.

"ముడుచుకుంది మేజోడు కాదక్కా. పైకి పో. ఇప్పుడే పో."

"ఈ బండెడూ అయ్యాక పోతాలే. ఆపరేషన్ గది దుప్పట్లు. రెండో మిషను పడకేసింది, చూస్తున్నావుగా."

"దుప్పట్లు ఎక్కడికీ పోవు!"

"అవి పోవే, నేనే పోతా. నిలబడే పనికి పనికిరాదని డాక్టరమ్మ ఒక్క ముక్క రాసిందనుకో, ఈ సూపర్‌వైజరు రేపే కుర్చీ వేసి కూర్చోబెడతాడు. మా ఇంట్లో." తన మాటకు తనే నవ్వింది. "ఆ పిల్లకి ఏడాదన్నా నిండనీ."

దుప్పటి తర్వాత దుప్పటి. పన్నెండు దాటాక ఆయాసం మొదలైంది. "ఇవాళ ఆవిరి మరీ ఎక్కువగా ఉంది" అని కిటికీ తీయించింది. మూడు గంటలకు ఆఖరి దుప్పటిని అంచుకు అంచు కలిపి నాలుగు మడతలు వేసి బండి మీద పెట్టింది. తర్వాత గోడవార ఉన్న మూటల మీద కూర్చుంది.

గుమ్మంలోంచి సూపర్‌వైజరు చూశాడు. "ఓహో! మా మడతక్కకి కూర్చోవడం కూడా వచ్చే!"

అందరూ నవ్వారు. మాటకు మాట అంటించే మనిషి ఏమంటుందోనని చూశారు. ఆమె తల గోడకు ఒరిగి ఉంది. పక్కామె నీళ్ళగ్లాసు తెచ్చి రెండుసార్లు పిలిచింది. మూడోసారి పిలవలేదు. అప్పటికీ పైన డాక్టరమ్మ గది తలుపు తెరిచే ఉంది.

కూతురు బిడ్డనెత్తుకుని పరుగున వచ్చింది. తల్లి ముఖం చూడకముందే, "నేను పొయ్యి దగ్గర ఆరేశాను... నేనే ఆరేశాను..." అంటోంది.

పక్కామె మేజోళ్ళు రెండూ ఒకదాని మీద ఒకటి పెట్టి ఆమెకు చూపించింది. "సమానంగానే ఉన్నాయి తల్లీ. మీ అమ్మే కొలిచింది. నీ తప్పు లేదు." పసిదాన్ని అందుకుంది.

మర్నాడు ఆ బల్ల దగ్గరికి కొత్తామెను పంపారు. బల్ల ముందు నల్లటి రబ్బరు పట్టా పరిచి ఉంది. దాని మీద రెండు పాదాల గుంటలు, నీళ్ళు పోస్తే నిలిచేంత లోతుగా.