పెద్ద తెర డాక్టరు

మా డాక్టరుగారికి రోగుల కంటే ప్రేక్షకులంటే ఎక్కువ ఇష్టం. పదకొండేళ్ళుగా ఎండోస్కోపీ గదిలో ఆయన పక్కన నర్సుగా నిలబడి ఈ సంగతి బాగా తెలుసుకున్నాను. ఆయన గొట్టం పట్టుకుంటాడు, నేను రోగి తల పట్టుకుంటాను. గొంతులోకి గొట్టం దిగేటప్పుడు మనిషి ఎలా వణుకుతాడో నా చేతులకు తెలుసు. ఆయనకు తెలిసిందల్లా వెనక ఎంతమంది నిలబడి చూస్తున్నారన్నదే.

పోయిన నెలలో మా పాత మానిటర్ కాలిపోయింది. కొత్తది వచ్చేదాకా కేసులు వేరే ఆసుపత్రికి పంపుదామన్నాను. ఆయన ఒప్పుకుంటాడా? మర్నాడే ఇంట్లో సినిమాలు చూసుకునే బుల్లి ప్రొజెక్టర్ ఒకటి పట్టుకొచ్చాడు. చిన్న టిఫిన్ డబ్బా అంత ఉంది. దాన్ని మందుల ట్రాలీ మీద రెండు దూది కట్టలకు ఆనించి నిలబెట్టాడు. గొట్టం చివరి కెమెరా వైరు దానికి తగిలించి, కిటికీలకు నల్లగుడ్డలు కట్టించి, ఎదురు గోడ మీద మనిషి కడుపుని ఆరడుగుల వెడల్పున చూపించాడు. అరచేతిలో వైకుంఠం చూపించడమంటే ఏమిటో నాకు ఆ రోజు అర్థమైంది.

మా గోడ లేత ఆకుపచ్చ. దాని మీద పడితే ఎర్రటి కడుపు కాస్తా బురద గుంటలా కనిపిస్తుంది.

"సార్, ఆ రంగు గోడ మీద సరిగ్గా తెలియదేమో. కనీసం తెల్లటి దుప్పటైనా కట్టిద్దామా?" అన్నాను.

"మీకు కొత్త వస్తువంటే భయం సిస్టర్," అన్నాడు. జూనియర్లిద్దరూ పళ్ళికిలించారు. ఆయన తుమ్మినా చప్పట్లు కొట్టే రకం వాళ్ళు.

ఇక చూడండి, మా ఆసుపత్రిలో గడ్డల పంట మొదలైంది. రెండు వారాల్లో ముగ్గురికి బయటపడ్డాయి. ముగ్గురికీ కడుపు కింది భాగంలోనే, ముగ్గురికీ కుడివైపే. ముక్క తీసి పంపితే ల్యాబువాళ్ళు ఏ జబ్బూ లేదని రాశారు. ఆడలేక మద్దెల ఓడన్నట్టు, "ఆ ల్యాబువాళ్ళకి కళ్ళు లేవు," అన్నాడాయన. పైగా ఈ చుట్టుపక్కల నీళ్ళలోనే ఏదో ఉందట, దాని మీద పెద్ద వ్యాసం రాస్తాడట. నేను అన్నీ విన్నాను. లోపల నవ్వుకుని, గొట్టం కడిగి, ఇంటికి పోయాను.

నాలుగో రోగి మా అక్క.

అక్క కుట్టుపని కంపెనీలో బట్టలు కత్తిరిస్తుంది. అమ్మ పోయాక నన్ను పెంచింది తనే. మూడు నెలలుగా కడుపులో మంట అంటోంది. ఇంకోచోట చూపిద్దామంటే వినలేదు. "నువ్వుండగా పరాయి చోటికి ఎందుకే? నా తల నువ్వే పట్టుకుంటావుగా," అంది. ఇక్కడికే తీసుకొచ్చాను.

ఆ రోజు ఇంకో ఆసుపత్రి నుంచి నలుగురు డాక్టర్లు ఈ వింత చూడ్డానికి వచ్చారు. ఇంకేముంది, ఆయనకు పూనకం వచ్చింది. గొట్టం దింపుతున్నంతసేపూ కళ్ళు వాళ్ళ మీదే. కాసేపటికి గొట్టం కదపడం ఆపి, గోడ వైపు వేలు చాపాడు.

"చూశారా? కుడివైపు కింద, నల్లగా. గడ్డ! మామూలు మానిటర్ మీదైతే దొరికేది కాదు. ఈవిడకి కడుపు సగం తీసెయ్యాలి."

అక్కకు మందు కొట్టి మొద్దుబార్చింది గొంతుని, చెవుల్ని కాదు. తన వేళ్ళు నా మణికట్టును పట్టేశాయి. నోట్లో గొట్టం ఉంది కనుక అరవలేదు. కళ్ళలోంచి నీళ్ళు మాత్రం దిండు మీదికి కారిపోయాయి. ఆ క్షణాన ఆ ప్రొజెక్టర్ తీసి ఆయన నెత్తిన కొట్టాలనిపించింది.

నేనెప్పుడూ గోడకు వీపు పెట్టే నిలబడతాను. నేను చూడాల్సింది రోగి మొహం. ఆ రోజు మాత్రం తల తిప్పి గోడ చూశాను. ఆయన మళ్ళీ గొట్టం కదిపాడు. కడుపు ముడతలు కదిలాయి, నీటి బుడగలు జారాయి. ఆ నల్లమచ్చ మాత్రం ఉన్నచోటి నుంచి వెంట్రుకవాసి కదల్లేదు.

"సార్, గొట్టం కాస్త వెనక్కి లాగండి," అన్నాను.

"ఎందుకు?"

"లాగండి సార్."

వచ్చినవాళ్ళు చూస్తున్నారు కాబట్టి లాగాడు. కడుపు పోయి అన్నవాహిక వచ్చింది. మచ్చ అక్కడే ఉంది.

"గడ్డ కూడా మీ వెంటే పైకి వచ్చేసింది సార్," అన్నాను. జూనియర్ వైపు తిరిగి, "లైటెయ్యి బాబూ," అన్నాను.

లైటు వెలిగింది. గోడ మీద బొటనవేలంత బొక్క. అక్కడ వేలాడే గడియారం తీసేసినప్పుడు మేకుతో పాటు సున్నం పెచ్చు ఊడొచ్చింది.

వచ్చినవాళ్ళలో ఒకాయనకు దగ్గు ముంచుకొచ్చింది. మా డాక్టరుగారి మొహంలో కత్తివాటుకు నెత్తురు చుక్క లేదు. "మీ పరిశీలన ఎలా ఉందో చూద్దామనే..." అని ఏదో గొణిగాడు. ఉద్యోగం వచ్చిన రోజు కూడా నాకంత సంతోషం కలగలేదు. గొట్టం బయటికి తీసి, అక్కను లేపి కూర్చోబెట్టి మూతి తుడిచాను.

"నీకేం లేదక్కా. అది గోడకున్న బొక్క. రేపే ఇంకోచోట మంచి మానిటర్ మీద చూపిస్తాను. ఈ గుడ్డి మారాజు చేతికి నిన్ను మళ్ళీ ఇవ్వను."

అక్క గోడ వైపు చూసింది. గొంతు ఇంకా బొంగురుగానే ఉంది.

"ఆ బొక్క ఎప్పట్నుంచి ఉందే?"

"ఏడాదై ఉంటుంది."

"మరి నాకంటే ముందు చూపించుకున్నవాళ్ళు?"

నా సంతోషమంతా నీరుగారిపోయింది. ఆ ముగ్గురి తలలూ నేనే పట్టుకున్నాను. ముగ్గురి చెవుల్లోనూ ఆయన అదే మాట పోశాడు. ముగ్గురూ అక్కలాగే వణికారు. ఒక్కసారైనా నేను తల తిప్పలేదు. ల్యాబు కాగితాలు నా చేతుల మీదుగానే వెళ్ళాయి, అయినా నవ్వుకుని ఊరుకున్నాను. ఆయన ఎంత వెధవో చూసుకుని మురిసిపోవడమే సరిపోయింది నాకు. నా మీద నాకే ఉమ్మెయ్యాలనిపించింది.

ఆ ముగ్గురిలో ఇద్దరికి జూనియర్ల చేత ఫోన్లు చేయించాను. వాళ్ళు ఇంకా ఇళ్ళ దగ్గరే ఉన్నారు. మూడో అతను పోస్టుమాన్, ఆపరేషన్ కోసం నిన్ననే పై అంతస్తులో సర్జన్ల వార్డులో చేరాడు. లిఫ్టు కోసం ఆగలేదు, మెట్లెక్కి పరిగెత్తాను.

మంచం ఖాళీగా ఉంది. దాని మీద కూర్చుని అతని భార్య ఖాకీ చొక్కా మడతపెడుతోంది. నన్ను చూడగానే మొహం విప్పారింది.

"రండమ్మా! ఆ రోజు మీరే కదూ మా ఆయన పక్కనుండి ధైర్యం చెప్పింది? మీ డాక్టరుగారు అంత పెద్దగా చూపించబట్టి బయటపడింది కానీ, లేకపోతే మా గతేమయ్యేది!"

"ఆపరేషన్‌కి ఎప్పుడు తీసుకెళ్ళారు?" అన్నాను.

"తీసుకెళ్ళి రెండు గంటలు దాటిందమ్మా," అంటూ చొక్కా పక్కన పెట్టి, నేను కూర్చోవడానికి కాస్త జరిగింది.