చావింటి కట్టెలు

చచ్చిన అడవిదున్న మీద ఈగలు కూడా చచ్చి పడి ఉన్నాయి. అది చూడగానే నాకూ, గార్డు కపంబ్వేకూ సంగతి అర్థమైపోయింది. ఎవరో మాంసంలో పురుగుమందు కలిపారు. లువాంగ్వా లోయ అడవుల్లో ఏనుగు దంతాల దొంగలు చేసే పనే ఇది. రాబందులు పైన తిరిగితే కింద ఏనుగు పడిందని గార్డులకు తెలిసిపోతుంది. అందుకని ముందు రాబందుల్నే లేకుండా చేస్తారు.

ఎండిన వాగు ఇసుకలో రెండు రాబందులు రెక్కలు పరుచుకుని చచ్చిపడి ఉన్నాయి. మిగతావి పైన గిరికీలు కొడుతున్నాయి. వాటిలో ఒకదాని రెక్కకు పసుపు బిళ్ల ఉంది. రాబందుల లెక్క కోసం ఆ బిళ్ల కట్టింది నేనే. ఎగువన చెట్టు మీద దాని గూట్లో ఒకే ఒక్క పిల్ల ఉంది. తల్లి ఇక్కడ ఒక్క ముక్క మింగిందంటే అక్కడ పిల్ల కూడా దక్కదు.

"బావా, దిగుతున్నాయి!" అని అరిచాను.

కపంబ్వే చొక్కా విప్పి గిరగిరా తిప్పుతూ పరుగెత్తాడు. "హోయ్! పొండే! అత్తారిల్లనుకున్నారా, చెప్పాపెట్టకుండా దిగిపోతున్నారు!"

అటు తరిమితే ఇటు, ఇటు తరిమితే అటు. వైర్‌లెస్‌లో అడిగితే బండి సాయంత్రానికి గానీ రాదన్నారు. దున్నను కాల్చెయ్యాలి. చుట్టూ చూస్తే ఎండుగడ్డి తప్ప పుల్ల లేదు. గడ్డితో దున్న కాలుతుందా?

అప్పుడే అవతలి గట్టు మీద పాట వినిపించింది. పదిమంది దాకా ఆడవాళ్లు నెత్తిన కట్టెల మోపులతో వెళ్తున్నారు. నా ప్రాణం లేచివచ్చింది. కపంబ్వే ముఖం మాత్రం వాడిపోయింది.

"మా మేనమామ చావింటికి. డ్యూటీ దిగాక నేనూ వెళ్లాలి" అన్నాడు.

నేను గట్టెక్కి, మోకాళ్ల మీద కూర్చుని, ఇక్కడి మర్యాద ప్రకారం చప్పట్లు తట్టి దణ్ణం పెట్టాను. విషం గురించి, రాబందులు తగ్గిపోవడం గురించి కాలేజీలో చదివినదంతా వరసగా చెప్పాను. ముందు నడుస్తున్న పెద్దావిడ బానా చోలా ఓపిగ్గా వింది.

"మంచి మాటే తల్లీ. కానీ చావింటి కట్టెలు దారిలో దింపకూడదు. నీ పక్షులకిచ్చేస్తే రాత్రికి శవం దగ్గర కూర్చునేవాళ్లకి మంటెవరు వేస్తారు?" అని నడక సాగించింది.

"మీరే అడగండి బావా!" అన్నాను.

"నేనా! ఆ కట్టె ముట్టానంటే నేను పోయినప్పుడు నన్ను పూడ్చేవాడుండడు. నువ్వు ఎంగోనిదానివి మరదలా. అడగడమేంటి, లాక్కో!"

నిజమే. ఒకప్పుడు మా ఎంగోనీ తెగవాళ్లూ, వీళ్ల బెంబా తెగవాళ్లూ ఒకరినొకరు నరుక్కున్నారు. ఇప్పుడు మాది బావామరదళ్ల వరస. ఒకరి చావింట్లో రెండోవాళ్లు ఏం ఎత్తుకుపోయినా, పోయినవాణ్ణి ఎంత తిట్టినా కోపం తెచ్చుకోకూడదు. మా ఇంట్లో పట్టా పుచ్చుకున్న మొదటిదాన్ని నేను. చదువుకున్నదానివి, పద్ధతిగా ఉండాలని నాన్న చెప్పాడు. ఇలాంటి వేళాకోళాలు ఎన్నడూ ఆడలేదు.

పసుపు బిళ్ల రాబందు కిందికి జారింది. కాళ్లు చాపింది.

ఒక్క ఉదుటున వెళ్లి బానా చోలా నెత్తి మీది మోపు లాగేశాను. "కోతుల్ని తినే జాతికి కట్టెలెందుకే! పోయిన మీ ముసలాడు పచ్చివే నమిలేవాడుగా!"

అందరూ కొయ్యబారిపోయారు. అంతలో బానా చోలా పొట్ట పట్టుకుని పగలబడి నవ్వింది.

"దొంగముండ! ఎలకల్ని తినేది! పట్టుకోండర్రా!"

నేను మోపుతో వాగులోకి దూకాను. మోపులతో సహా అందరూ నా వెనకే పడ్డారు. నాకు కావలసిందీ అదే! ఆ కేకలకు రాబందులు గుప్పున లేచాయి. ఒక్క పసుపు బిళ్ల మాత్రం ఎగరలేదు. చచ్చిన పక్షులు పీకి పడేసిన పేగు వైపు గెంతుతోంది. మోపులోంచి కర్ర లాగి విసిరాను. తగల్లేదు. మెడ చాచింది.

బానా చోలా నడుముకు చుట్టుకున్న పైగుడ్డ లాగి దాని ముఖం మీదికి విసిరింది. అది బెదిరి, రెక్కలు టపటపా కొట్టుకుంటూ పైకి లేచింది. గొంతుకింది సంచి ఖాళీగా వేలాడుతోంది. తినలేదు! ఏమీ తినలేదు!

ఆడవాళ్లు ఈగల్ని చూశారు. నవ్వులు ఆగిపోయాయి.

"పొద్దున మన పిల్లలెవరైనా చూసి మాంసం కోసుకొచ్చుంటే?" అంది బానా చోలా. తర్వాత గట్టిగా అంది: "దించండే మోపులు."

"దారిలో దింపకూడదన్నావుగా అత్తా?" అంది ఒకామె.

"దింపకూడదన్నాను. దోచుకుపోతే ఏం చేస్తాం?"

మంట చెట్టంత ఎత్తు లేచింది. చుట్టూ చేరి పైగుడ్డలు ఊపుతూ, పాడుతూ ఒక్క పక్షినీ దిగనివ్వలేదు. పసుపు బిళ్ల పొగకు పైన రెండు చుట్లు తిరిగి ఎగువకు, గూటివైపు మళ్లింది. నేను గెంతులు వేశాను. అందరూ వేశారు.

కపంబ్వే మంటకు కాపలా ఉన్నాడు. నేను నోట్సు రాసుకుందామని కూర్చోబోతే బానా చోలా నా రెక్క పట్టుకుంది.

"ఎక్కడికి? కట్టెలు దోచిన మరదలు శవం ముందు ఏడవాలి. ఊరి దాపున మళ్లీ కట్టెలు ఏరి, మోపు కట్టి నెత్తిన పెట్టుకుని మరీ. ఏడుపు విని జనం నవ్వాలి."

"నాకు రాదమ్మా!"

"దారిపొడుగునా నేర్పుతాం. పద!"

"నా వంతు కూడా తిట్టి రా మరదలా! మేనల్లుణ్ణి, నేను తిట్టకూడదు" అని అరిచాడు కపంబ్వే.

పొగ వాసన కొడుతున్న బట్టలతో, గొంతు సవరించుకుని, ఊరిదాకా వినబడేట్టు మొదలుపెట్టాను: "ఓరి ముసలోడా! నీ కట్టెలన్నీ దున్న కొట్టేసింది, లేచి రారా!"