దాలమ్మ ఎడమచేతి గాజులు

కొత్తరేవులో పొద్దెక్కిందని కోడి చెప్తే నమ్మేవాళ్ళు లేరు గాని, దాలమ్మ కేక వినిపిస్తే మాత్రం ఆడవాళ్ళందరూ గిన్నెలు పట్టుకుని గుమ్మాల్లోకి వచ్చేవారు. "జెల్లలూ, ఏటి జెల్లలూ" అని ఆమె అరుపు నాగావళి గట్టు మీద మొదలై మిషను స్కూలు గోడ దాకా పాకేది. నెత్తి మీద బుట్ట, బొడ్డులో వక్కల సంచి, నోట్లో ఎవరికో ఒకరికి తగిలే మాట. ఆ మాటతో కొడితే చేపలు పడతాయో లేదో గాని, మనుషులు మాత్రం పడేవారు.

దాలమ్మ ఇంటి ఆడవాళ్ళ గాజుల సంగతి చుట్టుపక్కల ఊళ్ళన్నిటికీ తెలుసు. మంచి నీళ్ళలో చెయ్యి పెడితే వేసుకున్న గాజులే ఉంటాయి. నీళ్ళలో తేడా ఉంటే ఒక గాజు ఎక్కువవుతుంది. తడి ఆరగానే పోతుంది. దాలమ్మ అమ్మమ్మ చెయ్యి ముంచి చూడనిదే కొత్త నూతి నీళ్ళు ఎవరూ తాగేవారు కాదు. దాన్ని ఎవరూ వింత అనుకోలేదు. ఆడది ఎదురు మాట్లాడితే తప్ప ఆ ఊరి మగవాళ్ళకి లోకంలో వింతే లేదు.

అలాంటి దాలమ్మ ఎడమ చెయ్యీ, కుడి చెయ్యీ కూడా నాలుగేళ్ళుగా బోడిగా ఉన్నాయి. ముఖలింగేశ్వరుడికి మొక్కుకున్నానని చెప్పింది. దేవుడి పేరు చెప్తే ఎవరూ గుచ్చి అడగరు.

అసలు సంగతి కాలవది. నాలుగేళ్ళ కిందట ఏటికి ఎగువన ఎవరో పట్నం ఆసామి అద్దకం కార్ఖానా పెట్టాడు. అక్కడి నుంచి ఒక రోజు ఎర్రగా, ఒక రోజు నీలంగా కాలవ వచ్చి ఏట్లో కలిసేది. ఏ మందు తిన్నాయో ఏమో, ఆ కాలవలో జెల్లలు మాత్రం తెగ బలిశాయి. దాలమ్మ మొగుడు గంగులు ఏట్లో రెండుసార్లు వలేస్తే పడేవన్నీ కాలవలో ఒక్క వలకే పడేవి. కాకపోతే కిరసనాయిలు కంపు. దానికి దాలమ్మ ఉపాయం కనిపెట్టింది. బియ్యం కడిగిన నీళ్ళలో ఇంత పసుపు కలిపి, కాలవ జెల్లల్ని ఆ కుండలో బతికుండగానే మూడు రోజులు ఉంచేది. జెల్ల తొందరగా చచ్చే రకం కాదు. కంపు పోయాక ఏటి జెల్లల్లో కలిపేసేది. ముక్కు పెట్టి చూసినా ఎవరూ పట్టుకోలేరు.

గాజులు పట్టుకున్నాయి. కంపు పోయినా చేప ఒంట్లో నీరు పోదు కదా. కొన్నవాళ్ళ గిన్నెలో చేప వేసేసరికి చేతికి కొత్త గాజొకటి వచ్చి గల్లుమనేది. మర్నాడే దాలమ్మకి మొక్కు గుర్తొచ్చింది.

దీనివల్ల నష్టపోయినవాడు గంగులు. మొగుడున్నాడని ఊరికి చెప్పేవి గాజులు గాని మొగుడు కాదు. టీ కొట్టు దగ్గర కూర్చుంటే, "ఏటి గంగులూ, దినాలెప్పుడు?" అని అడిగేవారు.

"ఆ మొక్కు ఎప్పుడు తీరతాదే?" అని ఇంటికొచ్చి ఏడ్చేవాడు.

"ముఖలింగేశ్వరుడు సెప్పినప్పుడు."

"నాకేటీ సెప్పనేదు ఆయన."

"నీతో ఏటి మాటాడతాడు మావా, నువ్వు సచ్చిపోనావు గదా."

మిషను స్కూలు పంతులమ్మ ఎలీసమ్మ ఇంట్లో ఆ వేసవంతా చేపల వాడకం పెరిగింది. తినడానికి కాదు. ఆమె కూతురు లీలారాణి వాల్తేరులో పెద్ద చదువు చదువుతోంది. చేపల పొట్టలో పురుగుల మీద పరిశోధన. అన్నాలు తినే బల్ల మీద మైక్రోస్కోపు పెట్టి, కిటికీ వెలుగులో రోజంతా ఒంటికన్నుతో కూర్చునేది.

"ప్రార్థన చేసుకునే బల్ల మీద పేగులు," అని ఎలీసమ్మ సణుగుడు. "ఎవరైనా ఇంటికొస్తే ఏమని చెప్పుకోవాలి?"

"మా అమ్మాయి కోత నేర్చుకుంటోందని చెప్పు," అనేది కూతురు.

ఆ గురువారం దాలమ్మ వెళ్ళేసరికి లీలారాణి కళ్ళు ఎర్రగా ఉన్నాయి.

"ఏటి రాణమ్మా?"

"మందు ఘాటు, దాలప్పా."

దాలమ్మకి ఘాటూ తెలుసు, ఏడుపూ తెలుసు. బుట్ట దించి గుమ్మంలో చతికిలపడింది. "సెప్పు. నాకర్థం కాకపోతే బాధ నేదు, అర్థమైపోతేనే బాధ."

లీలారాణి నవ్వేసింది. నవ్వాక చెప్పడం సులువైంది. "చేప పేగుల్లో తెల్లటి బద్దెపురుగు ఉంటుంది కదా. దాని ఒంట్లో కంటికి కనపడనంత సన్నటి ముక్కలుంటాయి. క్రోమోజోములంటారు. ఏ జీవికి ఎన్ని ఉండాలో అన్నే ఉంటాయి. ఈ పురుగుకి పద్నాలుగు. నాకేమో ఒక పురుగులో పద్నాలుగు వస్తున్నాయి, పక్క పురుగులో పదిహేను."

"ఒకటెక్కువైతే కొంపలంటుకుంటాయేటి?"

"నా కొంప అంటుకుంటుంది. అన్నీ నాగావళి చేపలే, అన్నీ నీ బుట్టలోవే. ఒకే ఏటి నీళ్ళలో పెరిగిన పురుగు పూటకో లెక్క చెప్పదమ్మా, లెక్కపెట్టేవాళ్ళే చెప్తారు అన్నారు మా మేష్టారు. శనివారం ఆయనే వస్తున్నారు. ఆయన ముందు కూడా లెక్క కుదరకపోతే నా పేరు కొట్టేసి సీటు ఇంకొకరికి ఇచ్చేస్తారు."

"ఎలా ఉంటాయవి? సూపించు."

దాలమ్మ ఒక కన్ను మూసి, మైక్రోస్కోపు మీదకి వంగింది. తెల్లటి వెలుగులో ముదురెరుపు ముక్కలు. కొన్ని వంకరగా, కొన్ని తిన్నగా. సంతలో గాజుల కొట్టు ముందు తొక్కిడికి చితికిన గాజు ముక్కల్లా ఉన్నాయి. పైకి లేవబోయి మళ్ళీ వంగి లెక్కపెట్టింది. ఒకటెక్కువ.

ఆ రోజు దాలమ్మ మిగతా వీధుల్లో కేకెయ్యలేదు. ఒంట్లో బాగోలేదేమో అనుకున్నారు.

ఇంటికొచ్చి పసుపు నీళ్ళ కుండ ముందు కూర్చుంది. జెల్లలు మీసాలాడిస్తూ పైకి చూశాయి.

"ఆ పిల్ల లెక్క తప్పు కాదు మావా," అంది గంగులుతో. "మనం కలిపేసిన జెల్లలు. ఏటివి ఒక లెక్క సెప్తన్నాయి, కాలవవి ఒక లెక్క సెప్తన్నాయి."

గంగులు వల బాగు చేసుకుంటున్నాడు. "అయితే? సెప్పేస్తావేటి? సెప్పేస్తే మన చేపలు కుక్క కూడా ముట్టదు."

"సెప్పకపోతే ఆ పిల్ల సదువు పోతాది."

"మన బతుకో?"

దాలమ్మ కుండ మీద మూత పెట్టింది. "సెప్పడానికి నాకు నోరెందుకు," అంది. "సెయ్యున్నాది గదా."

శనివారం పొద్దున్నే దాలమ్మ గాజుల కూర్మమ్మ అరుగు ముందు బుట్ట దించి ఎడమ చెయ్యి చాపింది. కూర్మమ్మ నోరు తెరుచుకుని ఉండిపోయింది.

"మొక్కు తీరిందేటే?"

"తీరినాది. ఎర్రవి తొడుగు."

వీధి వీధంతా చూసింది. "గంగులు లేచొచ్చాడోయ్," అని ఎవరో అరిచారు. నవ్వని వాళ్ళు లేరు. ఏం జరగబోతోందో తెలిసిన దాలమ్మ కూడా నవ్వింది.

ఎలీసమ్మ ఇంటికి వెళ్ళేసరికి నారాయణమూర్తి మేష్టారు గొడుగు కుర్చీకి తగిలించి కాఫీ తాగుతున్నారు. సన్నగా, పొడుగ్గా, తన లెక్క ఎప్పుడూ తప్పలేదన్న మొహంతో ఉన్నారు. లీలారాణి గోడకి ఆనుకుని నిలబడి ఉంది.

"రెండు బేసిన్లు తేండి పంతులమ్మగోరూ," అంది దాలమ్మ.

"ఎందుకే?"

"తేండి ముందు."

బేసిన్లు వచ్చాయి. దాలమ్మ బుట్టలోంచి ఎడమ చేత్తో ఒక జెల్లని తీసింది. గాజులు ఉన్నవి ఉన్నట్టే ఉన్నాయి. దాన్ని మొదటి బేసిన్లో వేసింది. చెయ్యి కొంగుతో తుడుచుకుని ఇంకొకటి తీసింది. గల్లుమంది. ఇంకో గాజు, అదే ఎరుపు, మణికట్టు మీద మెరుస్తోంది. అది రెండో బేసిన్లోకి పోయింది. మూడోది నిశ్శబ్దం. నాలుగోది గల్లు. బుట్ట ఖాళీ అయింది.

"ఇయ్యి ఏటివి," అంది దాలమ్మ మొదటి బేసిన్ చూపించి. రెండోది చూపించేటప్పుడు గొంతు కాస్త తగ్గింది. "ఇయ్యి కార్ఖానా కాలవవి."

ఎలీసమ్మ మొహం జేవురించింది. "అంటే ఇన్నాళ్ళూ మాకు కాలవ జెల్లలు తినిపించావా?"

"తిన్నారు గదా. బాగున్నాయన్నారు గదా."

"నువ్వు నోరు ముయ్యి."

"మూసే ఉన్నాను పంతులమ్మగోరూ. గాజులే వాగినాయి."

మేష్టారు కాఫీ గ్లాసు కింద పెట్టి, దాలమ్మ మణికట్టు వంక చూశారు. "మా మేనత్త మెట్టెలు ఇంతే," అన్నారు. "పాలలో నీళ్ళు కలిస్తే వేళ్ళకి బిగిసిపోయేవి. పాలవాడు ఆవిడ కాళ్ళకి దండం పెట్టి వెళ్ళేవాడు." అని లీలారాణి వైపు తిరిగారు. "అలా నిలబడతావేమమ్మా? కొయ్యి."

మధ్యాహ్నం దాకా కోతే. లీలారాణి పేగులు చీల్చి పురుగుని తీసి, మందులో ఉంచి, రంగు పట్టించి, గాజు పలకల మధ్య పెట్టి బొటనవేలితో నొక్కేది. మేష్టారు తనే కూర్చుని లెక్కపెట్టారు. మొదటి బేసిన్ చేపల పురుగులు పద్నాలుగు. ఎన్ని చూసినా పద్నాలుగే. రెండో బేసిన్వి పదిహేను. ఒక్కటి కూడా తప్పలేదు. ఆఖరి పలక చూశాక ఆయన కళ్ళజోడు తీసి పంచె చెంగుతో తుడుచుకున్నారు. ఆ మొహం మీద లెక్క తప్పిన మనిషి సంతోషం, నేను చెప్తే నమ్మరు గాని, చిన్నపిల్లాడికి జాతరలో బూర దొరికినట్టుంది.

"నువ్వు తప్పు లెక్కపెట్టలేదు," అన్నారు. "ఆ చెడ్డ నీళ్ళు పురుగు పుట్టుకలోకే వెళ్ళి ఒక ముక్క కలిపాయి. ఇంక నీ పరిశోధన ఇదే. సీటు పోతుందన్న బెంగ మర్చిపో."

లీలారాణి ఈసారి నిజంగానే ఏడ్చింది. ఘాటు మందు సీసా మూత పెట్టే ఉంది.

"ఈ చుట్టుపక్కల ఇలాంటి కాలవలు ఇంకేమైనా ఉన్నాయా?" అని మేష్టారు దాలమ్మనే అడిగారు, మీరు అంటూ. "మీరు చెయ్యి పెట్టి చూడాలి. బస్సు ఖర్చులవీ మా డిపార్టుమెంటు చూసుకుంటుంది. కాలవ చేపలన్నీ ఇకమీదట మేమే కొంటాం."

"బస్సులో కిటికీ పక్కన కూకోనిస్తే వస్తాను," అంది దాలమ్మ.

ఎలీసమ్మ ఇంకా కోపంగానే ఉంది. కాని ఏటి చేపల బేసిన్లోంచి రెండు లావుపాటి జెల్లల్ని కూరకి తీసుకుంది. "రేపటి నుంచి గాజులేసుకునే రా," అంది. "చేప నా గిన్నెలో పడేటప్పుడు చప్పుడు వినిపించకూడదు."

తిరిగొచ్చే దారిలో కాలవ దాటాలి. ఆ రోజు కాలవ చిలకపచ్చగా ఉంది. కాళ్ళు కడుక్కుందామని దాలమ్మ వంగి నీళ్ళలో ఎడమ చెయ్యి పెడితే ఇంకో గాజు వచ్చి గల్లుమంది. అవతలి గట్టున టీ కొట్టు ముందు, అందరి మధ్యా కూర్చున్న గంగులు ఆ చప్పుడు విన్నాడు. లేచి నిలబడ్డాడు. తువ్వాలు దులిపి భుజాన వేసుకున్నాడు. ఎవరూ పిలవకపోయినా, ఊరంతటికీ వినపడేలా, "వస్తన్నానే," అన్నాడు.