తట్ట మోసిన రోజు

తట్ట కింద తల పెట్టడం అతనికి రాదు. మెడ ముందుకు వంచితే తట్ట వెనక్కి ఒరిగింది. పచ్చి మట్టి కాలరులోంచి వీపు మీదికి జారింది. రెండో తట్టకు మెడ బిగించాడు. ఈసారి మట్టి నిలిచింది గానీ కాళ్ళు ఎక్కడ పడుతున్నాయో కనిపించలేదు. గట్టు వాలులో అడుగు తడబడి సగం మట్టి దారిలో పోశాడు. మిగతా సగం గట్టు మీద కుమ్మరించి దిగివచ్చాడు.

పక్క గుంటలో పొడుగాయన గడ్డపారకు ఆనుకుని చూస్తున్నాడు.

"ఏం పెద్దాయనా, కోడలి దగ్గర కూలికి కుదిరావా?"

"కుదిరా. నిలబడి చూడ్డానికి కూలిచ్చేవాళ్ళు నీకు దొరికారు. నాకు దొరకలేదు మరి."

పొడుగాయన భార్య నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుంది. పొడుగాయన గడ్డపార ఎత్తాడు.

వరసగా కట్టిన ఇళ్ళ వెనక పల్లం అది. గట్టి వాన పడితే కింది అంతస్తు వాళ్ళు మంచాల కాళ్ళ కింద ఇటుకలు పెట్టుకుంటారు. ఆ ఇళ్ళలో ఒకటి అతనిది. వాన నీళ్ళు ఇళ్ళలోకి రాకుండా ఇక్కడే నిలిచేట్టు ఇప్పుడు కుంట తవ్వుతున్నారు. పని లేనివాళ్ళకు పట్నమే పని చూపించే పథకం కిందటేడు నాలుగైదు పేటల్లో మొదలై, ఈ ఏడు ఈ పేటకు వచ్చింది. నేలను సున్నంతో గళ్ళుగా గీసి జంటకొక గడి ఇస్తారు. మగవాడు తవ్వుతాడు, ఆడమనిషి మోస్తుంది. గడి మగవాడి పేరున ఉంటుంది. అలా ఉండాలని పథకంలో ఎవరూ రాయలేదు. తవ్వకం పనిలో మొదటి నుంచీ అంతే.

ఆడమనిషి ఒంటరిగా కూడా గడి తీసుకోవచ్చని ఈ ఏడు కొత్తగా చేర్చారు. తీసుకునే ముందు ఒక గడి తన చేతులతో, పొద్దున మొదలుపెట్టి సాయంత్రానికి లోతు దించి చూపించాలి. పని చూసే మేటు ఈ మాట రోజూ ఈల ఊది మరీ చెప్పేది. ఎవరూ కదల్లేదు. పోయిన వారం అతని కోడలు కదిలింది.

ఆ రోజు ఆమే తవ్వింది. సాయంత్రం గుంట అంచు వంకరగా కనిపించేసరికి అతను ఉండబట్టలేక గడ్డపార అందుకుని నాలుగు పోట్లు పొడిచాడు. సరిగ్గా అప్పుడే కొలతలాయన వచ్చాడు. "తవ్వింది మామేగా," అని అతని పేరే రాసుకుని పక్క గుంటకు వెళ్ళిపోయాడు. ఇంటికి వెళ్ళేటప్పుడు ఎప్పుడూ మామ వెనక నడిచే కోడలు ఆ సాయంత్రం ముందు నడిచింది.

అందుకే ఈ రోజు పారా గడ్డపారా ఆమెకిచ్చి అతను తట్ట తీసుకున్నాడు.

"ముట్టుకోవద్దు మామా," అంది ఆమె పొద్దున గుంటలో దిగుతూ.

"ముట్టుకోను."

"గోడ కూలినా ముట్టుకోవద్దు."

"కూలితే నిన్ను పట్టుకు లాగుతానే పిచ్చిదానా. గడ్డపార ముట్టుకోను, సరేనా?"

అతను మీసం రాకముందే నాన్న వెంట బావి పనికి దిగాడు. తరవాత పునాదులు, పైపుల కాలవలు, మరుగుదొడ్ల గుంతలు. కాంట్రాక్టరు లారీ ఎక్కడ దింపితే అక్కడ తవ్వాడు. తవ్విన చోట ఏం కట్టారో చూడ్డానికి మళ్ళీ వెళ్ళింది తక్కువ. ఒక సినిమా హాలుకు పునాది తీసి, అది లేచాక టికెట్టు కొని వెళ్ళాడు. సినిమా సగంలో నిద్రపోయాడు. భార్య మాత్రం చివరిదాకా చూసి, ఇంటికొచ్చాక కథ చెప్పింది.

భార్య అతను నింపిన తట్టలే మోసింది. నింపడం, రెండు చేతులతో ఎత్తి నెత్తిన పెట్టడం, "ఊఁ" అనడం అతని వంతు. అక్కణ్ణించి ఆమె వంతు. ఆమె నడినెత్తిన రూపాయంత మేర జుట్టు ఉండేది కాదు. అతను దాన్ని పేనుకొరుకుడు అనుకున్నాడు. ఎవరో చెబితే మందు తెచ్చి రాశాడు కూడా. ఆమె రాయించుకుంది. ఈ రోజు ఏడో తట్టో ఎనిమిదో తట్టో గట్టు మీద దించి నెత్తి తడుముకున్నప్పుడు అతనికి వేళ్ళ కింద సరిగ్గా ఆ చోటే మండింది.

"మామా! మట్టి పేరుకుపోతోంది," అని కింద నుంచి కేక.

"వస్తన్నా. ముసలి గాడిదకు ఊపిరి తీసుకోనియ్యి."

మధ్యాహ్నం రేకుల పందిరి కింద డబ్బాలు విప్పారు. బరువు పని చెయ్యలేని ఒక పెద్దావిడకు అక్కడ కుండల దగ్గర పని ఇచ్చారు. ఆమెను అందరూ నీళ్ళ అవ్వ అంటారు. కూలి అందరితో సమానం. నీళ్ళతోపాటు సలహాలు కూడా పోస్తుంది.

"పింఛను వయసు దాటి రెండేళ్ళయిందంట నీకు. తీసుకోవేం?"

"పింఛను తీసుకుంటే పని కార్డు వదలాలి. నా కార్డు వదిలితే గడి పోతుంది. గడి పోతే దాని పని పోతుంది."

అది అంటే కోడలు. కొడుకు తవ్వకానికి రాలేదు. మట్టి వాసన పడదని లారీ ఎక్కాడు. నాలుగేళ్ళ కిందట ఒక మలుపులో ఆ లారీ బోల్తా పడింది. కోడలు పుట్టింటికి వెళ్ళలేదు. కూతుర్ని బడిలో వేసి, అత్త పోయాక మిగిలిన తట్ట ఎత్తుకుంది.

"దాని పేరున గడి వస్తే?"

"వస్తే ఇంకేం. నీ పక్కన కూర్చుని నీళ్ళు పోస్తా."

"నా పక్కన చోటు లేదులే," అంది నీళ్ళ అవ్వ. "ఇంట్లో కూర్చో."

ఎండ వాలాక కోడలి గడ్డపార ఖణేల్మంది. రాళ్ళు గట్టిపడిన గరుసు పొర తగిలింది. ఆమె పొడుస్తుంటే మొన జారి పక్కకు పోతోంది. పిడికెడు రాళ్ళు లేస్తున్నాయి, అంతే. అతను తట్ట పట్టుకుని అంచున నిలబడ్డాడు. ఆ పొరను నడుమ పొడవకూడదు, పగులు ఉన్న చోట మొన దింపి పైకి తన్నించాలి.

"పగులు చూసుకుని..."

"నోరు కూడా కట్టేసుకో మామా. రేపు నువ్వు లేకపోతే ఎవరు చెబుతారు?"

అతను నోరు మూసుకున్నాడు. అరచేతులు మాత్రం తెరుచుకుంటూ మూసుకుంటూ ఉన్నాయి. ఆమె చెమట తుడుచుకుని నీళ్ళకు వెళ్ళింది. ఆమె పందిరి దాకా వెళ్ళకముందే అతను గుంటలో ఉన్నాడు. ఎప్పుడు దిగాడో అతనికే తెలియలేదు. గడ్డపార చేతిలో ఉంది, భుజం దాకా లేచి ఉంది.

పక్క గుంటలోంచి పొడుగాయన చూశాడు. చూసి తల అవతలికి తిప్పుకున్నాడు.

"నాకేం కనపళ్ళేదు," అన్నాడు.

అతను గడ్డపారను ఎక్కడ ఉందో అక్కడే, ఎటు వాలి ఉందో అటే ఆనించాడు. గుంట ఎక్కి పందిరి వైపు కాకుండా అటువైపు నుంచి చుట్టి కుండల వెనక్కి వెళ్ళాడు. కోడలు అప్పటికి తాగి తిరిగి గుంట దగ్గరకు పోతోంది. నీళ్ళ అవ్వతో రెండు ముక్కలు మాట్లాడాడు. ఆమె ఏదో అడిగింది. అతను జవాబు చెప్పి, జేబు తడిమి చూసుకుని గట్టెక్కాడు. చేతులు వెనక్కి కట్టుకుని నడిచాడు. వీపంతా మట్టి.

కాసేపటికి కోడలు తలెత్తి చూస్తే అంచున ఎవరూ లేరు. పేరుకున్న మట్టి పేరుకున్నట్టే ఉంది. నీళ్ళ అవ్వ చెంబు పట్టుకుని వచ్చి అక్కడే చతికిలబడింది.

"మీ మామ ఆఫీసుకు పోయాడే. కార్డు ఇచ్చేసి పింఛను రాయించుకుంటాడంట."

కోడలు పార వదిలేసింది.

"ఈ రోజా? ఇంకా కొలత కాలేదు. నా గుంట చాలకపోతే?"

"అదే అడిగా. చాలుతుంది అన్నాడు."

"ఊరికే అన్నాడా?"

"నాకేం తెలుసు. ఇక్కడుంటే చెయ్యి ఆగదు అన్నాడు. పోయాడు."

 కోడలు వంగి గరుసు పొరను చేత్తో తుడిచింది. దుమ్ము పోయాక సన్నటి పగులు బయటపడింది. గోటితో దాన్ని చివరిదాకా గీసి చూసింది. మొన అందులో దించి, గడ్డపార చివర మీద ఒంటి బరువంతా వేసింది. అరటాకంత పెళ్ళ లేచింది.

పొడుగాయన భార్య తన గుంట వదిలి వచ్చి పెద్దాయన తట్ట అందుకుంది. మోసేది ఎవరైనా ఫరవాలేదని మేటు చెప్పింది.

"మరి నా మట్టో?" అన్నాడు పొడుగాయన.

"నెత్తి లేదా నీకు? మోసుకో."

పొడుగాయన మోసుకున్నాడు. మూడో తట్టకు మెడ నొప్పి అన్నాడు. ఆ వరసలో ఎవరూ జాలిపడలేదు.

కొలతలాయన వచ్చేసరికి ఇళ్ళ నీడ కుంటను సగం కప్పింది. కుర్రవాడే. ఎండకు ముఖం కమిలి ఉంది. గుంట దగ్గర ఆగి, అలవాటు కొద్దీ మగవాడి కోసం అటూ ఇటూ చూశాడు. తట్ట పట్టుకున్న ఆడమనిషి, చెంబు పట్టుకున్న ముసలమ్మ, గుంటలో కోడలు.

"మామేడీ?"

"పోయాడు. ఈ పనిలో లేడు."

"మరి తవ్విందెవరు?"

"నేనే."

కొలతలాయన మేటు వైపు చూశాడు. మేటు ఈల తిప్పుతూ తలూపింది.

తవ్వేటప్పుడు గుంట నడుమ కొంచెం నేలను ముట్టుకోకుండా వదిలేస్తారు. చుట్టూ దిగుతున్న కొద్దీ అది దిమ్మలా నిలబడుతుంది. మొదట నేల ఎంత ఎత్తున ఉండేదో అదే చెబుతుంది. కొలతలాయన లోపలికి దిగి, దిమ్మ తల మీద టేపు అంచు ఆనించి, కింద గరుసు మీద బొటనవేలితో నొక్కి పట్టాడు. ఒకసారి చూసి, అటువైపు తిరిగి మళ్ళీ చూశాడు. పొడుగాయన తన గుంటలో మునివేళ్ళ మీద లేచాడు.

"ఉంది," అన్నాడు కొలతలాయన. "బెత్తెడు ఎక్కువే ఉంది. నీ పేరు?"

ఆమె చెప్పింది. అతను సగం రాసి ఆగితే, ఇంకోసారి, ఈసారి గట్టిగా చెప్పింది. పక్క గుంటల వాళ్ళకు వినిపించింది. పొడుగాయన భార్య మేటు దగ్గరకు వెళ్ళి చెవిలో ఏదో అడగడం మొదలుపెట్టింది.

మేటు ఈల ఊదింది. పారలు కడుక్కుంటున్నారు. కొలత అయ్యాక తవ్వినవాళ్ళే దిమ్మను పడగొట్టాలి. ఇన్నాళ్ళూ వాళ్ళ గడిలో ఆ పని మామది. ఒక్క పోటుకు పడగొట్టి, తిరిగి చూడకుండా ఇంటికి బయలుదేరేవాడు.

"కొట్టవేమే?" అంది మేటు.

"రేపు. మామ చూశాక."

"ఆయన పని మానేశాడుగా."

"మానేస్తే చూడ్డానికి రాడా ఏంటి? మంచి నీళ్ళకైనా వస్తాడు."

ఆమె గడ్డపార భుజాన వేసుకుని గట్టెక్కింది. నీళ్ళ అవ్వ కుండలు బోర్లించింది. చివరి మనిషి వెళ్ళాక కూడా ఆ గుంట నడుమ దిమ్మ నడుమెత్తున నిలబడి ఉంది. దాని నెత్తిన అరచేతి వెడల్పున గడ్డి, ఎవరి కాలూ పడకుండా, పొద్దున ఎలా ఉందో అలాగే ఉంది.