సంతకం తర్వాతి మనిషి

ఆ దేశంలో మంత్రివర్గ సమావేశాలు టీవీ వాళ్ల కోసం జరిగేవి. అసలు మాటలన్నీ అధ్యక్షుడి ఇంటి పెరట్లో, ఆయన భార్య దోన్కా మిరపకాయలు కాల్చే రేకు పొయ్యి చుట్టూ జరిగేవి.

ఇది అధ్యక్షుడు వాంగెల్ కావాలని పెట్టిన ఏర్పాటే. సెప్టెంబరు రాగానే ఊళ్లో ప్రతి ఇంటి ముందూ ఎర్రటి తీపి మిరపకాయలు బస్తాలకొద్దీ కాలుతుంటాయి. చలికాలానికి సరిపడా ఐవార్ పచ్చడి పెట్టని ఇల్లు అక్కడ ఇల్లే కాదు. కాల్చిన కాయల్ని గిన్నెలో వేసి మూతపెట్టి, మగ్గాక తొక్క ఒలవాలి. ఒలిచేవాడి చేతులు మోచేతుల దాకా ఎర్రటి జిగురు. ఆ చేతులతో పెన్ను పట్టలేడు, ఫోనెత్తలేడు, జేబులోంచి ఏ యంత్రమూ తీయలేడు. "దేశం సంగతులు మాట్లాడేవాడి చేతులు ఖాళీగా ఉండకూడదు," అనేవాడు వాంగెల్. మిరపకాయలయ్యాక క్యాబేజీ ఊరవేసే రోజులు, ఆ తర్వాత అక్రోటు కాయలు కొట్టే రోజులు. వసంతంలో పెరట్లో చేసే పనేమీ ఉండదు కాబట్టి తమ విదేశాంగ విధానం ఏటా వసంతంలోనే చెడిపోతోందని దోన్కా అభిప్రాయం. నది అవతలి దేశంతో యుద్ధం కూడా కిందటేడు ఏప్రిల్లోనే మొదలైంది మరి.

ఆ ఉదయం పొయ్యి దగ్గర ముగ్గురే ఉన్నారు. మూడో మనిషి విదేశాంగ మంత్రి ట్రిఫున్. వాంగెల్‌కి కాలేజీ నాటి స్నేహితుడు. దోన్కాని వదినా అంటాడు, ఆవిడ చేత తిట్లు తినడం తన హక్కనుకుంటాడు.

"తొక్కతోపాటు సగం కాయ పారేస్తున్నావయ్యా," అంది దోన్కా. "సరిహద్దు కూడా ఇలాగే గీయించుకొచ్చావా?"

"సరిహద్దులో ఇంతకన్నా ఎక్కువే పోయింది వదినా. మెల్లగా చెబుదామనుకున్నా."

వాంగెల్ నవ్వలేదు. మధ్యాహ్నానికి పెద్ద దేశం రాయబారి ఆల్డెన్ వస్తున్నాడు. తుపాకులిచ్చిందీ, గోధుమలిచ్చిందీ ఆ దేశమే. ఇప్పుడు శాంతి కూడా తనే ఇస్తానంటోంది. ఒప్పందానికి అవుననో కాదనో చెప్పాలి. కప్పకీ పాముకీ నడుమ నిలబడ్డ చిన్న దేశానికి ఈ రెండు మాటల్లో ఏది నోట్లోంచి వచ్చినా ఎవరికో ఒకరికి కోపమే.

"పల్లపు ఊళ్లు వదులుకుంటున్నాం. సరే," అన్నాడు వాంగెల్ చేతిలోని కాయని చూస్తూ. "వంతెన తెరుస్తాం. సరే. ఐదో షరతు కూడా వదిలేద్దాం ట్రిఫున్. వాళ్ల మాటే ఉండనీ."

దోన్కా గరిటె ఆపింది. "ఐదోది ఏది?"

"ఖైదీలది," అన్నాడు ట్రిఫున్. "ముందు మనవాళ్లని అప్పగించండి, తర్వాత సంతకం అని మనమంటున్నాం. ముందు సంతకం పెట్టండి, మనుషుల్ని వీలు చూసుకుని పంపుతాం అని వాళ్లంటున్నారు."

"వీలంటే?"

"నదికి అవతల ఆ మాటకి అర్థం, మర్చిపోండి అని."

ఆ ఖైదీలెవరో దోన్కాకి తెలుసు. కిందటి చలికాలం కొండదారిలో మంచులో చిక్కుకుపోయి పట్టుబడిన రిజర్వు దళం. బడిపంతుళ్లు, బస్సు డ్రైవర్లు, రొట్టెల భట్టీ నడిపేవాడొకడు, ఒక పశువుల డాక్టరు. ఆ పశువుల డాక్టరు పేరు నౌమ్. ఆమెకి ఒక్కగానొక్క తమ్ముడు.

"ఎందుకు వదిలేయడం?" అంది ఆమె. గొంతు పెంచలేదు.

వాంగెల్ తలెత్తలేదు. ట్రిఫునే అందుకున్నాడు. "అవతలి రేడియో వింటున్నావుగా వదినా. అధ్యక్షుడు బావమరిది కోసం యుద్ధం సాగదీస్తున్నాడని పొద్దున్నే సుప్రభాతంలా అదే పాట. మన పేపర్లు కూడా వంత పాడుతున్నాయి. వీడు ఆ షరతు మీద ఒక్క రోజు పట్టుబడితే, ఆ రోజు చచ్చిన ప్రతివాడి తల్లీ వచ్చి గేటు పట్టుకుంటుంది."

"ఇప్పుడు ఖైదీల తల్లులు పట్టుకుంటున్నారుగా, శుక్రవారం శుక్రవారం. వాళ్లవి చేతులు కావా?"

"దోన్కా," అన్నాడు వాంగెల్. "ఈ విషయంలో నా మీద మచ్చ పడకూడదు."

"పడకూడదు నిజమే. నీ చొక్కా తెల్లగా ఉండాలి కాబట్టి ఇంకొకళ్ల పిల్లలు జైల్లో ఉండాలి. ఉతకడానికి ఇంతకంటే చవకైన సబ్బు దొరకలేదా?"

ట్రిఫున్ కాయ ఒలవడంలో మునిగిపోయాడు. అంత శ్రద్ధ అతను ఏ ఒప్పందం మీదా చూపలేదు.

"ఒక్కటి చెప్పు," అంది దోన్కా. "నౌమ్ నా తమ్ముడు కాకపోయుంటే ఏం చేసేవాడివి?"

వాంగెల్ చేతిలోని కాయని గిన్నెలో పడేశాడు. "ముందు మనుషులు, తర్వాత సంతకం. ఒక్క అంగుళం కదిలేవాణ్ణి కాదు."

"అంటే వాళ్లు చేసిన తప్పల్లా నా తమ్ముడి పక్కన నిలబడి పట్టుబడటమే."

పొయ్యి మీద కాయలు మాడుతున్నాయి. ఎవరూ తిప్పలేదు. చివరికి దోన్కానే వాటిని గిన్నెలోకి తోసి, మూత పెట్టి, చేతులు ఒడిలో పెట్టుకుంది.

"అయితే నౌమ్‌ని పక్కకి తీసేయ్," అంది. "మిగతా అందరూ సంతకానికి ముందు వంతెన దాటాలి. నౌమ్ సంతకం తర్వాత. అలాగే రాయించు, చదివి వినిపించు, రేడియోలో కూడా చెప్పు. అప్పుడు బావమరిది కోసం ఆగాడని ఎవడంటాడో చూద్దాం."

వాంగెల్ లేచి నిలబడ్డాడు. "మతి పోయిందా నీకు? సంతకం అయిపోయాక వాళ్ల చేతిలో మిగిలేది వాడొక్కడే. అధ్యక్షుడి బావమరిది. ఏ అవసరానికైనా పనికొస్తాడని దాచుకుంటారు. పదేళ్లు దాచుకుంటారు!"

"దాచుకోవచ్చు."

"తెలిసే అంటున్నావా?"

"అమ్మ పోయేనాటికి వాడికి తిండి కలుపుకోవడం రాదు వాంగెల్. పాలల్లో రొట్టె నానబెట్టి నేను తినిపించాను. నాకు తెలియదా, ఏమంటున్నానో?" ఆమె గిన్నె మీద మూత గట్టిగా నొక్కింది. "వాణ్ణి అడ్డం పెట్టుకుని నువ్వు వాళ్లందర్నీ వదిలేస్తే, వాడొచ్చాక నా మొహం చూడడు. రాకపోతే నేనే నా మొహం చూసుకోలేను."

అప్పుడు ట్రిఫున్ కళ్లు తుడుచుకోబోయాడు. తీపి బస్తాలో నాలుగు కారం కాయలు కలవడం ఏ ఏడాదీ తప్పదు.

"ఒరేయ్, చెయ్యి తియ్! చెయ్యి తియ్!" అని వాంగెల్ అరిచేలోపే పని జరిగిపోయింది. దేశపు విదేశాంగ మంత్రి పెరట్లో గంతులేశాడు. దోన్కా తిడుతూనే అతన్ని కూర్చోబెట్టి, కళ్ల మీద చల్లటి పెరుగులో ముంచిన గుడ్డ వేసింది.

"స్టాన్కాకి ఎవరు చెబుతారు?" అన్నాడు వాంగెల్, ఆ గొడవ సద్దుమణిగాక. స్టాన్కా నౌమ్ భార్య. భర్త పట్టుబడ్డప్పటి నుంచీ వీళ్లింట్లోనే ఉంటోంది.

"నేనే. స్టాన్కా కాదంటే ఈ మాటే లేదు. తమ్ముడి మీద నాకెంత హక్కుందో, మొగుడి మీద దానికి అంతకన్నా ఎక్కువుంది."

స్టాన్కా వంటింట్లో పచ్చడి సీసాలు వేడినీళ్లలో మరిగిస్తోంది. దోన్కా తలుపు వేసి, సంగతంతా ఉన్నదున్నట్టు చెప్పింది. నచ్చజెప్పే మాట ఒక్కటీ కలపలేదు. స్టాన్కా ఒక సీసా బయటికి తీసి గుడ్డ మీద బోర్లించింది. ఇంకోటి తీసింది.

"వదినా, నువ్వు అడగడానికొచ్చావా, చెప్పడానికొచ్చావా?"

"అడగడానికే."

"ఒద్దంటే?"

"ఒద్దని వాంగెల్‌తో చెబుతాను. మళ్లీ ఈ మాట ఎత్తను. ఈ ఇంట్లో ఎవర్నీ ఎత్తనివ్వను."

"భట్టీ ఆయన భార్యకి నెలలు నిండాయి. శుక్రవారం గేటు దగ్గర నా చెయ్యి తన కడుపు మీద పెట్టుకుని, బిడ్డ తంతోంది చూడమంది. నువ్వు లోపలుంటావుగా, నీకు ముందే తెలుస్తుందిగా అని అడిగింది." స్టాన్కా పొయ్యి ఆర్పేసింది. "నిన్ను నేను క్షమించనేమో వదినా."

"అక్కర్లేదు."

"అయినా చెప్పు వాళ్లకి. సరేనన్నానని చెప్పు. ఆ రోజు వంతెన దగ్గర నేనుంటాను. నన్ను ఇంటికి పొమ్మని ఎవరూ అనకూడదు."

రాయబారి ఆల్డెన్ చెప్పిన వేళకే వచ్చాడు. ఈ దేశపు భాషని వ్యాకరణం తప్పకుండా, ప్రేమ లేకుండా మాట్లాడేవాడు. హాల్లో కూర్చుందామంటే వాంగెల్ ఒప్పుకోలేదు. పెరట్లోకే తీసుకొచ్చి, ముందుకో గిన్నె తోశాడు. ఆల్డెన్ కోటు విప్పి, చొక్కా చేతులు పైకి మడిచి, మర్యాదగా ఒక కాయ అందుకున్నాడు. ఉబ్బిన కళ్లతో ఉన్న ట్రిఫున్‌ని చూసి గొంతు తగ్గించాడు.

"మీ బాధ నాకు అర్థమవుతోంది మంత్రిగారూ."

"అర్థం కాదండీ. మీరింకా కారం కాయ ముట్టుకోలేదు."

ఆల్డెన్ ఒలిచిన కాయని కుళాయి కింద కడగబోతే దోన్కా వారించింది. "కడిగితే రుచంతా నీళ్లలో పోతుంది. అలాగే పెట్టండి."

"ఐదో షరతు మారదు," అన్నాడు వాంగెల్ ఉపోద్ఘాతం లేకుండా. "ముందు మనుషులు, ఆ తర్వాతే నా సంతకం."

ఆల్డెన్ నిట్టూర్చాడు. "అధ్యక్షా, ఒక మాట సూటిగా అంటాను, ఏమీ అనుకోకండి. మీ బావమరిది..."

"అతను నా సంతకం తర్వాత దాటతాడు. మిగతా అందరూ ముందు."

రాయబారి చేతిలో కాయ ఆగిపోయింది. వాంగెల్‌ని కాదు, దోన్కాని చూశాడు.

"అమ్మా, మీకిది తెలుసా?"

"తెలుసండీ."

"దానికి నేను పూచీ ఉండలేను."

"ఉండమని అడగలేదు. వాళ్లకి చెప్పండి, అంతే. అధ్యక్షుడికి ఈ బేరంలో సొంత లాభం ఏమీ లేదని చెప్పండి. కాదంటే ఎందుకు కాదంటున్నారో ఊళ్లన్నీ వింటుండగా రేడియోలో చెప్పమనండి."

"మా ప్రభుత్వం ఒప్పుకోకపోతే?"

"గోధుమలు ఆపండి," అన్నాడు వాంగెల్. "తుపాకులు ఆపండి. చలికాలం మాకు కొత్త కాదు. మనుషుల్ని వదిలేసి తెచ్చుకున్న శాంతిని ఈ గేటు బయట నిలబడ్డవాళ్లకి నేను చూపించలేను. దీనికింక బేరం లేదు."

పొద్దున ఆ మాటకే భయపడ్డ మనిషి. ఇప్పుడు ఒలుస్తున్న కాయ మీంచి చూపు కూడా తిప్పకుండా అన్నాడు. దోన్కా ముఖం పొయ్యి వైపు తిప్పుకుంది.

ఆల్డెన్ ఫోను కోసం జేబులో చెయ్యి పెట్టబోయి, తన వేళ్లు చూసుకుని, నీళ్లెక్కడున్నాయని అడిగాడు.

అవతలివాళ్లు వారం పాటు గింజుకున్నారు. ఊళ్లు వింటుండగా కాదనడానికి కారణం దొరక్క, చివరికి ఒప్పుకున్నారు.

వంతెన మీద మనుషులు పొద్దున్నించీ నడిచి వచ్చారు. బూట్లు లేనివాళ్లు కొందరు, ఒకరి భుజం మీద ఒకరు చెయ్యి వేసుకుని కొందరు. భట్టీ ఆయన్ని భార్య ముందు గుర్తుపట్టలేదు. ఆనక గుర్తుపట్టి అంత కడుపుతోనూ పరుగెత్తింది. ఆఖరి మనిషి దాటాక వాంగెల్ వంతెన మొదట్లో ఉన్న పాత భవనంలో సంతకం పెట్టి బయటికొచ్చాడు.

అవతలి వైపు ఖాళీగా ఉంది. ఒక అధికారి వచ్చి, వ్యాను చెడిపోయింది, రేపు చూద్దాం అన్నాడు. ఆ అబద్ధం చెప్పడానికి అతనే సిగ్గుపడ్డాడు.

"నువ్వు వెళ్లు," అంది దోన్కా భర్తతో. "నువ్వుంటే ఇది రెండు దేశాల గొడవ. నేనుంటే ఒక అక్క మొండితనం."

"దోన్కా..."

"వెళ్లవయ్యా. కెమెరాలు చూస్తున్నాయి."

అతను వెళ్లాడు. స్టాన్కా వంతెన నడిమధ్య దుప్పటి పరిచి కూర్చుంది. దోన్కా పక్కన కూలబడింది. స్టాన్కా దుప్పటి అంచు ఆమె వైపు కొంచెం జరిపింది. ముఖం మాత్రం తిప్పలేదు.

మర్నాడు పొద్దున అధికారి మళ్లీ వచ్చి, ఇంటికెళ్లమన్నాడు. దోన్కా కదల్లేదు. అతను వాళ్ల తలల మీదుగా చూసి మాట ఆపేశాడు. వెనక నుంచి ఆడవాళ్లు వస్తున్నారు. శుక్రవారాలు గేటు దగ్గర నిలబడే తల్లులు. కొడుకులు ఇంట్లో పడుకుని ఉండగానే వచ్చారు. రొట్టెలూ, చన్నీళ్లూ, అల్లికలూ పట్టుకొచ్చి వంతెన నిండా కూర్చున్నారు. వాళ్ల వెనక పెద్ద దేశం పంపిన మొదటి గోధుమల లారీలు వరసకట్టి హారన్లు కొడుతున్నాయి. సగం గోధుమలు అవతలి గట్టుకి వెళ్లాల్సినవే.

ఆల్డెన్ చెమటలు కక్కుతూ వచ్చాడు. "అమ్మా, వంతెన తెరవడం ఒప్పందంలో ఉంది."

"మా తమ్ముడు కూడా ఉన్నాడండీ," అంది దోన్కా. "వాణ్ణి రానివ్వండి, మేమే లేచి దారిస్తాం. అంతదాకా ఆ లారీలు మా మీంచి వెళ్లాలి."

వ్యాను సాయంత్రానికి బాగైంది.

నౌమ్ ఒక్కడే నడిచి వచ్చాడు, గడ్డం నెరిసి, ఎడమ కాలు ఈడ్చుకుంటూ. స్టాన్కా ఎదురెళ్లి అతని చొక్కా గుప్పిట పట్టుకుంది. వదల్లేదు. ఆమె భుజం మీంచి అతను అక్కని చూశాడు.

"గదిలో నన్నొక్కణ్ణే వదిలి అందర్నీ పిలిచారక్కా. రెండు రోజులు గోడలు చూస్తూ కూర్చున్నా. ఎవడు రాశాడు నా పేరు ఆఖర్న?"

"నేను రాయించాను."

నౌమ్ ఆమె ముఖంలోకి చూశాడు. వెనక ఆడవాళ్లు దుప్పట్లు దులిపి లేస్తున్నారు.

"ఇంటికెళ్లాక తిడతాను," అన్నాడు.

"తిట్టు," అంది దోన్కా. "ఆ కాలు మీద బరువెయ్యకు. ఇటు ఆనుకో."