గోడ మీద ఆరేసిన పేరు

తప్పు నాదే. ముందే ఒప్పుకుంటున్నాను, తర్వాత ఎవరూ నాకు నీతులు చెప్పొద్దు.

కృపా నేనూ ఒకే బడి, ఒకే బెంచీ. దాని మొగుడు క్రాంతి కుమార్ శంకర్‌పల్లి నుంచి కూరగాయలు తోలే ట్రాలీ ఆటో నడుపుతాడు. పదమూడేళ్లుగా దాన్ని గొడ్డును బాదినట్టు బాదుతున్నాడు. మొన్నీమధ్య గొంతు పిసికాడు. పారిపోయి చిన్న మంగళారంలో మా ఇంటికి వచ్చినప్పుడు దాని మెడ మీద నాలుగు వేళ్ల మచ్చలు నల్లగా కమిలి ఉన్నాయి.

"దొరికితే సంపుత అన్నడే రాణీ," అంది. గొంతు కూడా సరిగ్గా పెగల్లేదు.

దొంతన్‌పల్లిలో ఒక హాస్టల్ వంటగదిలో పని కుదిర్చాను. ఉండడానికి గది ఇస్తారు. సోమవారం చేరాలి. అప్పటిదాకా వాడి కంట పడకుండా దాచాలి, అంతే.

ఊరికే పంపడానికి మనసొప్పక బొంత కుట్టాను. కృప సంచిలో తెచ్చుకున్న పాత చీరలే నాలుగు పొరలు వేశాను. చర్చిలో పెళ్లినాడు కట్టుకున్న తెల్ల చీర పైకి పెట్టమంది. "వాడు కొన్నది కాదు, మా అవ్వ కొన్నది," అంది. ఆ తెలుపు మీద ఎర్ర దారంతో, జానెడేసి అక్షరాలతో, కృప అని కుట్టాను. ఆ రెండు అక్షరాలకే మూడు రోజులు పట్టింది. నా పనితనానికి నేనే మురిసిపోయాను.

మా ఇంట్లో కొత్త బొంతను ఒకసారి ఉతికి ఆరేస్తే గానీ కప్పుకోనివ్వరు. ఆదివారం చర్చి నుంచి వచ్చి ఉతికాను. నీళ్లు పీల్చి మోయలేనంత బరువైంది. పెరట్లో దండెం ఉంది. అయినా రోడ్డు వైపు గోడ మీద పరిచాను, పేరు బయటికి కనబడేలా. పోయేవాళ్లు చూసి ఎవరు కుట్టారని అడగాలి. అదీ నా బుద్ధి.

అడగడానికి వచ్చింది క్రాంతి కుమారే.

ఆటో రోడ్డు మీదే ఆపి, గేటు తోసుకుని లోపలికి వచ్చాడు, చేతిలో జాకీ రాడ్డు. "నా పెండ్లాం చీర నీ గోడ మీదికెట్ల వచ్చిందే? అదేడున్నది?"

"ఈడ లేదు, పో."

మొదటి దెబ్బ ఎడమ చేతి మీద పడింది. ఎముక విరిగిన చప్పుడు నాకే వినబడింది. రెండోది వీపు మీద. జుట్టు పట్టి నా ముఖాన్ని గోడకు కొట్టాడు. నోట్లోకి పన్ను ఊడి వచ్చింది. దాన్ని రక్తంతో సహా వాడి ముఖాన ఉమ్మాను. వాడు రాడ్డు నా తల మీదికి ఎత్తాడు.

కృప బయటికి వచ్చేసింది. "దాన్ని ఇడిసిపెట్టు. నేనొస్త నీతోని."

చెప్పులు కూడా వేసుకుని వచ్చింది. పోతే వాడు బతకనివ్వడని దానికీ తెలుసు, నాకూ తెలుసు. వాడు నన్ను వదిలి దాని మెడ పట్టుకున్నాడు, మచ్చలున్న చోటే. గోడ పక్కనే వంగి గేటు వైపు ఈడ్చుకుపోతున్నాడు.

నాకు మిగిలింది ఒక్క చెయ్యి. గోడ మీది బొంతను పట్టి గుంజాను. తడి బరువుకు అదే జారి వాడి నెత్తిన పడింది. వాడు మోకాళ్ల మీద కూలాడు, రాడ్డు జారిపోయింది. కృప కింది నుంచి పాక్కుంటూ బయటికి వచ్చి దాన్ని అందుకుంది.

భుజం మీద కొట్టింది. వీపు మీద కొట్టింది. లోపల వాడు బూతులు తిట్టాడు, తర్వాత "వద్దే, వద్దే" అని ఏడ్చాడు. తెల్ల చీర మీద దాని పేరు పక్కన రక్తం ఊరింది. చాలు అని నేననాలి. అనలేదు, అనబుద్ధి కాలేదు. వాడి మోకాలు విరిగాక అదే ఆగింది. రాడ్డు పారేసి, నా పక్కన కూలబడి, విరిగిన నా చేతిని ఒళ్లో పెట్టుకుంది.

వాడు బతికాడు. దవాఖాన నుంచి జైలుకు పోయాడు. నా చెయ్యి, దాని మెడ చూసి పోలీసులు కృపను ఏమీ అనలేదు. బొంతను మాత్రం సాక్ష్యమని మూటగట్టి తీసుకుపోయారు. రెండు రోజులు ఆలస్యంగా కృప పనిలో చేరింది, మెడకు చున్నీ చుట్టుకోకుండానే.

నిన్న ఫోన్ చేసింది. గదిలో చలిగా ఉన్నదంది.

"చేతి కట్టు ఇప్పినంక ఇంకొకటి కుట్టి ఇస్త," అన్నాను. "ఈసారి పేరు గీరు పెట్టనే. నా బుద్ధి గడ్డి తిన్నది." నాకు ఏడుపు ఆగలేదు.

"పేరు ఇంకా పెద్దగ కుట్టు," అంది. "ఆ గోడ మీదనే ఆరెయ్యి."